ఎవరూ పెట్టని బాంబు

నాలుగేళ్ళ కిందట ఒక కథ రాశాను. ఒక రేవు, రేవులో ఒక గోడౌను, గోడౌన్లో ఎవరికీ అక్కర్లేని సరుకు. ఏళ్ళ తరబడి అక్కడే పడి ఉంటుంది. గోడౌను చూసే గుమాస్తా ఆర్నెల్లకోసారి పైవాళ్ళకి ఉత్తరం రాస్తాడు, దీన్ని ఇక్కణ్ణుంచి తీసేయండి మహాప్రభో అని. జవాబు రాదు. ఒక సాయంత్రం ఆ గోడౌన్లో నిప్పంటుకుంటుంది. అంతే కథ. బీరుట్ పేలుడు గురించి చదివాక రాసిందని ఎవరికైనా తెలిసిపోతుంది. నేనూ దాచే ప్రయత్నం చేయలేదు.

ఒక కథల వర్క్‌షాప్‌లో దాన్ని చదివాను. ఓ పదిహేను మందిమి ఉన్నాం. చదవడం అయిపోగానే మొదటి ప్రశ్న: "బానే ఉంది గానీ, ఇంతకీ ఎవరు చేశారు?"

ఎవరూ చేయలేదండీ అన్నాను.

"అలా ఎలా? కారణం లేకుండా అంత పేలుడా?"

కారణం ఉంది, కథంతా అదేగా అన్నాను. ఎవరూ ఒప్పుకోలేదు. ఒక పెద్దాయన చాలా ప్రేమగా సలహా ఇచ్చారు, గుమాస్తా లంచం తిని సరుకు బయటకి అమ్ముతున్నట్టు పెట్టమని. ఇంకో అమ్మాయి, "టెర్రరిస్ట్ యాంగిల్ ఒకటి తగిలిస్తే ఎక్కడికో వెళ్ళిపోతుంది అన్నా" అంది. నవ్వుతూనే అంది గానీ నిజంగానే అంది.

నేను కథ సరిగ్గా రాయలేదేమో. అది వేరే సంగతి. ఆ ప్రశ్న మాత్రం అప్పట్నుంచీ నన్ను వదల్లేదు. ఎందుకంటే పోలీసుల ప్రశ్న కూడా అదే. టీవీ యాంకర్ల ప్రశ్న, చట్టాలు రాసేవాళ్ళ ప్రశ్న కూడా. ఇంత మంది చచ్చిపోయారంటే ఎవడో ఒకడు చంపి ఉండాలి అని మనందరికీ ఒక నమ్మకం. అమ్మోనియం నైట్రేట్ విషయంలో ఈ నమ్మకం ఆ పదార్థం కన్నా ప్రమాదకరం. అదీ నేను చెప్పదలుచుకున్నది.

*

ముందు ఆ పదార్థం సంగతి. తెల్లటి గుళికలు, చూడ్డానికి యూరియాలాగే ఉంటాయి. బరువులో మూడో వంతుకి పైగా నత్రజని. కానీ ఇది యూరియా కాదు. ఇంటి దగ్గర యూరియా బస్తా ఉన్నవాళ్ళు ఎవరూ ఇది చదివి హడలిపోనక్కర్లేదు. మన పొలాల్లో చల్లేది యూరియా, డీఏపీ, పొటాష్. యూరప్, అమెరికాల్లో పొలాలకి వెళ్ళే అమ్మోనియం నైట్రేట్ మన దేశంలో ప్రధానంగా వెళ్ళేది బొగ్గు గనులకీ, రాతి క్వారీలకీ. ఓపెన్‌కాస్ట్ గనుల్లో భూమిని పగలగొట్టే పేలుడు మందులకి ముడిసరుకు ఇదే. మనం ఇంట్లో వేసుకునే కరెంటు లైటు వెనక ఎక్కడో ఇది ఉంది.

దీనికి నిప్పు పెడితే తనంతట తాను మండదు. పక్కనున్నవాటిని మండిస్తుంది. ఎందుకంటే ఆక్సిజన్‌ని తన లోపలే మోసుకు తిరుగుతుంది. సుమారు 170 డిగ్రీల దగ్గర కరుగుతుంది. కరిగి, ఇంకా వేడెక్కుతూ పోయి, గాలాడని చోట ఇరుక్కుపోయి, దానికి డీజిలో రంపపు పొట్టో క్లోరిన్ ఉన్న ఏదో రసాయనమో తోడైతే, అప్పుడు ఉన్నది ఉన్నట్టుగా వాయువులైపోతుంది. ఇన్ని షరతులు కలిసిరావాలి. సరిగ్గా చూసుకుంటే ఏళ్ళకేళ్ళు ఏమీ కాదు. ఏటా ప్రపంచమంతా లక్షల టన్నులు తయారు చేసి, ఓడలకెక్కించి, దించి, వాడుకుంటూనే ఉన్నారు.

అంటే అది పేలిన ప్రతిచోటా కొన్ని నిర్ణయాలు జరిగి ఉండాలి. ఎక్కడ పెట్టాలి, దేని పక్కన పెట్టాలి, ఎంత కుప్ప పోయాలి, ఎన్నాళ్ళు ఉంచాలి, ఎవరికి చెప్పాలి. ఒక్కో నిర్ణయం ఒక్కో మనిషి తీసుకుంటాడు. చాలాసార్లు అసలు తీసుకోడు, ఊరికే వదిలేస్తాడు. వీళ్ళలో ఒక్కడు కూడా ఎవర్నీ చంపాలనుకోడు. ఇది కథకి పనికిరాదని మనకి అనిపిస్తుంది చూశారా, అక్కడే వస్తుంది చిక్కు.

*

మా పెదనాన్నకి ఎరువుల కొట్టు ఉండేది. వానాకాలంలో యూరియా చెమ్మ పీల్చుకుని గడ్డకట్టేది. బస్తాని కింద పడేసి దుడ్డుకర్రతో బాదాలి. సెలవులకి వెళ్ళిన పిల్లలకి అదొక ఆట. అరగంట బాదితే లోపల గుళికలు విడిపోయి బస్తా మళ్ళీ మెత్తబడేది.

జర్మనీలో ఓపావ్ అనే చోట బీఏఎస్ఎఫ్ ఫ్యాక్టరీలో ఇదే సమస్య వచ్చింది. గాలిలోని నత్రజనిని పట్టి ఎరువుగా మార్చే హేబర్-బోష్ పద్ధతి మొట్టమొదట ఫ్యాక్టరీ స్థాయిలో నడిచింది అక్కడే, 1913లో. ఈరోజు ప్రపంచం తింటున్న తిండిలో ఆ పద్ధతి పుణ్యం చాలా ఉంది. 1921 నాటికి అక్కడ ఒక నిల్వ గదిలో 4,500 టన్నుల అమ్మోనియం సల్ఫేట్, నైట్రేట్ మిశ్రమం ఉంది. గట్టిపడి రాయిలా అయిపోయింది. దుడ్డుకర్రలు చాలవు. అందుకని చిన్న చిన్న డైనమైట్ తూటాలు పెట్టి విడగొట్టేవాళ్ళు.

ఎరువు కుప్పలో డైనమైటా అని మీకు నవ్వొచ్చి ఉంటుంది. నాకూ వచ్చింది. కానీ వాళ్ళు పిచ్చివాళ్ళు కారు. ఆ పాళ్ళలో కలిపిన మిశ్రమం పేలదని పరీక్షలు చేసి చూసుకున్నారు. అప్పటికి సుమారు 20,000 సార్లు అలా తూటాలు పేల్చారు. ఒక్కసారి కూడా ఏమీ కాలేదు. 1921 సెప్టెంబర్ 21 ఉదయం ఆ కుప్పలో కొంత భాగం పేలింది. మిశ్రమం అన్నిచోట్లా ఒకే పాళ్ళలో కలవలేదని తర్వాత అనుమానించారు. ఫ్యాక్టరీ ఉన్నచోట పెద్ద గొయ్యి మిగిలింది. 500 మందికి పైగా పోయారు. చుట్టూ ఊరు నేలమట్టమైంది.

"ఇన్నాళ్ళూ ఏమైంది? ఏం కాలేదుగా!" మన ఇళ్ళల్లో, ఆఫీసుల్లో రోజూ వినే మాట. గ్యాస్ సిలిండరు ట్యూబు మార్చమంటే అంటాం, అపార్ట్‌మెంట్ సెల్లార్లో అట్టపెట్టెలు తీసేయమంటే అంటాం. ఓపావ్‌లో ఆ మాట 20,000 సార్లు నిజమైంది. నిజమైన ప్రతిసారీ ఇంకొంచెం ధైర్యం ఇచ్చింది. విలన్ కావాలంటే నేను ఈ మాటని చూపిస్తాను. దీనికి కోరమీసం ఉండదు, దీన్ని ఎన్‌కౌంటర్ చేయలేం.

*

1947 ఏప్రిల్ 16న అమెరికాలో టెక్సస్ సిటీ రేవులో గ్రాండ్‌క్యాంప్ అనే ఓడలోకి ఎరువు ఎక్కిస్తున్నారు. యుద్ధంలో దెబ్బతిన్న యూరప్ పొలాల కోసం. కాగితపు సంచుల్లో సుమారు 2,300 టన్నులు. అంతకు ముందు యుద్ధం కోసం బాంబుల సరుకు చేసిన ఫ్యాక్టరీల్లోనే ఇప్పుడు ఎరువు తయారైంది. పొద్దున ఎనిమిదింటికి ఓడ అడుగున పొగ కనిపించింది. నీళ్ళు కొడితే సరుకు పాడైపోతుందని కెప్టెన్ వద్దన్నాడు. మూతలు బిగించి లోపలికి ఆవిరి వదలమన్నాడు.

మామూలు మంటకైతే అది మంచి ఉపాయమే. గాలి అందకపోతే ఆరిపోతుంది. కానీ ఈ సరుకు తన ఆక్సిజన్ తనే తెచ్చుకుంది. మూతలు బిగిస్తే దానికి పోయేదేం లేదు. ఆవిరి వల్ల వేడి పెరిగింది, మూతల వల్ల ఒత్తిడి పెరిగింది. సంచిలో ఉన్నది ఏమిటో కెప్టెన్‌కి తెలిసి ఉంటే ఆ పని చేసేవాడు కాదు. సంచి మీద ఎరువు అని రాసి ఉంది. అంతే ఆయనకి తెలుసు.

పొగ నారింజ రంగులో అందంగా ఉందని ఊరి జనం ఒడ్డుకి చేరారు. పిల్లలు కూడా. 9 గంటల 12 నిమిషాలకి ఓడ పేలింది. ఊరి ఫైర్ సిబ్బందిలో దాదాపు అందరూ ఆ ఒడ్డునే పోయారు. మంటలు పక్కనున్న ఇంకో ఓడకి అంటుకుని, ఆ రాత్రి ఒంటిగంట దాటాక అదీ పేలింది. మొత్తం 581 మంది. అమెరికా చరిత్రలో పరిశ్రమల్లో జరిగిన వాటిలో ఇదే అతి పెద్దది.

బాధితులు ప్రభుత్వం మీద కేసు వేశారు. ఈ సరుకు తయారు చేయించింది ప్రభుత్వం, ఇది ప్రమాదకరమని సంచి మీద రాయించనిది కూడా ప్రభుత్వమే కదా అన్నారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1953లో 4-3 తేడాతో ఓడిపోయారు. ఆ నిర్ణయాలు పై స్థాయిలో, ప్రణాళికలో భాగంగా తీసుకున్నవి కాబట్టి ప్రభుత్వానికి బాధ్యత అంటగట్టలేమని తీర్పు. అంటే కింద ఒక గుమాస్తా తప్పు చేసి ఉంటే కేసు నిలిచేదేమో. తప్పు పైనుంచి, పద్ధతి ప్రకారం, సంతకాలతో జరిగింది కాబట్టి అది తప్పు కాకుండా పోయింది. చివరికి 1955లో ప్రత్యేకంగా ఒక చట్టం చేసి పరిహారం ఇచ్చారు. మా వర్క్‌షాప్ పెద్దాయనకి ఈ తీర్పు చదివి వినిపించాలని ఉంది. గుమాస్తాని లంచగొండిని చేయమన్నది ఆయనే కదా.

*

శత్రువు కోసం వెతకడం ఎంత దూరం పోతుందో ఫ్రాన్స్‌లో తులూజ్ నగరం చూపించింది. 2001 సెప్టెంబర్ 21. ఓపావ్‌కి సరిగ్గా ఎనభై ఏళ్ళు. న్యూయార్క్ దాడులకి సరిగ్గా పది రోజులు. ఊరి అంచున ఉన్న ఏజెడ్ఎఫ్ ఎరువుల ఫ్యాక్టరీలో 221 నంబర్ షెడ్డు పేలింది. అందులో ఉన్నది అమ్మకానికి పనికిరాదని పక్కన పడేసిన నైట్రేట్. సుమారు 300 టన్నులు. 31 మంది చనిపోయారు, వేల మంది గాయపడ్డారు, ఊళ్ళో అద్దమన్నది మిగల్లేదు.

ఆ పది రోజుల్లో ప్రపంచం ఎలా ఉందో గుర్తుంది కదా. చనిపోయినవాళ్ళలో అరబ్బు మూలాలున్న ఒక కార్మికుడు ఉన్నాడు. అనుమానం అతని మీదకి వెళ్ళింది. శవం మీద ఉన్న బట్టల గురించి కూడా పత్రికలు రాశాయి. ఉద్యోగం చేసుకుంటూ చచ్చిపోయిన మనిషి, చచ్చాక నిందితుడయ్యాడు. కుటుంబం ఏడవడానికి కూడా లేదు, ముందు అతను అలాంటివాడు కాదని చెప్పుకోవాలి.

కోర్టులు చివరికి ఒప్పుకున్న కారణం ఇది: వేరే చోట ఊడ్చిన చెత్తలో ఈత కొలనుల్లో వాడే క్లోరిన్ రసాయనం ఉంది. అది పొరపాటున ఈ షెడ్డులోకి వచ్చి నైట్రేట్ మీద పడింది. రెండూ ఎప్పుడూ కలవకూడనివి. పనులు సబ్‌కాంట్రాక్టర్ల చేతిలో ఉన్నాయి, ఏది ఏమిటో మోసేవాళ్ళకి సరిగ్గా చెప్పలేదు. ఇది తేలడానికి పద్దెనిమిదేళ్ళు పట్టింది. 2009లో నిర్దోషులన్నారు, 2012లో దోషులన్నారు, 2015లో అది కొట్టేశారు, 2017లో మళ్ళీ దోషులన్నారు, 2019లో ఖాయం చేశారు. చీపురూ, ఒక తోపుడు తొట్టీ, ఒక పనికిరాని షెడ్డూ. మీడియా వెతికిన కథకీ దీనికీ ఎంత దూరమో చూడండి. ఇందులో ఎవరికీ సినిమా కనిపించదు. 

2013 ఏప్రిల్ 17న అమెరికాలోనే వెస్ట్ అనే చిన్న ఊళ్ళో ఎరువుల గోడౌను అంటుకుంది. చెక్క గోడౌను, లోపల చెక్క తొట్లలో నైట్రేట్. పైన నీళ్ళు చల్లే స్ప్రింక్లర్లు లేవు. కూతవేటు దూరంలో స్కూలు, వృద్ధాశ్రమం, అపార్ట్‌మెంట్లు. 15 మంది పోయారు. అందులో 12 మంది మంటలార్పడానికీ సాయానికీ వెళ్ళినవాళ్ళే. మూడేళ్ళ తర్వాత ఒక దర్యాప్తు సంస్థ ఆ నిప్పు ఎవరో కావాలని పెట్టిందే అని ప్రకటించింది. చాలామంది ఒప్పుకోలేదు. పోనీ, పెట్టారనే అనుకుందాం. అగ్గిపుల్ల గీసినవాడే ఆ నైట్రేట్‌ని చెక్క తొట్లలో పోశాడా? వాడే వృద్ధాశ్రమాన్ని దాని పక్కన కట్టాడా? విలన్ దొరికినా సరే, అతను మనకి చెప్పేది అగ్గిపుల్ల గురించే. పదిహేను మంది గురించి చెప్పాల్సింది ఇంకా ఎక్కడో ఉంది.

అక్కడ ఇంకో సంగతి. అంత నైట్రేట్ ఉంచుకున్నవాళ్ళు దేశ భద్రతా శాఖకి చెప్పాలని అప్పట్లో నియమం ఉండేది. టెర్రరిస్టులు ఎత్తుకెళ్ళకుండా చూడడానికి. వీళ్ళు చెప్పలేదు. చెప్పి ఉంటే ఏం జరిగేది? కంచె కట్టించేవారు, కెమెరాలు పెట్టించేవారు. దొంగ లోపలికి రాకుండా చూసేవారు. లోపలున్నది బయటకి వచ్చే రోజు గురించి ఆ నియమానికి పట్టింపు లేదు.

*

మన దగ్గర కూడా చట్టం వచ్చిన దారి అదే. నేను హైదరాబాద్ వాణ్ణి. 2007 ఆగస్టు 25 సాయంత్రం గోకుల్ చాట్, లుంబిని పార్కు పేలుళ్ళలో 42 మంది పోయారు. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్. ఈ బాంబుల్లో అమ్మోనియం నైట్రేట్ ఉంది. కాబట్టి శత్రువులు లేరని నేను అనడం లేదు. ఉన్నారు, చంపారు, ఆ భయానికి అర్థముంది. నైట్రేట్ ఎవరి చేతుల్లోకి పోతోందో లెక్క ఉండాల్సిందే.

2011 జూలైలో ముంబైలో వరుస పేలుళ్ళు జరిగిన కొద్ది రోజులకే కేంద్రం దీన్ని పేలుడు పదార్థంగా ప్రకటించింది. 2012లో అమ్మోనియం నైట్రేట్ నియమాలు వచ్చాయి. బరువులో 45 శాతం మించి నైట్రేట్ ఉన్న మిశ్రమమేదైనా వాటి కిందకి వస్తుంది. లైసెన్సు లేకుండా తయారు చేయకూడదు, అమ్మకూడదు, నిల్వ ఉంచకూడదు, రవాణా చేయకూడదు. మంచిదే.

మరి లైసెన్సు లేని సరుకు దొరికితే? ప్రభుత్వం స్వాధీనం చేసుకుంటుంది. చేసుకుని ఏం చేస్తుంది? 2015లో చెన్నై రేవులో కస్టమ్స్ వాళ్ళు సుమారు 740 టన్నులు పట్టుకున్నారు. నగరానికి ఉత్తరాన మనలిలో కంటైనర్లలో పెట్టారు. పెట్టి కేసు నడుపుకున్నారు. ఆ ఏడాది వరదల్లో కొంత పాడైపోయింది, మిగతా 697 టన్నులు అక్కడే ఉంది. దగ్గర్లో వేలమంది ఉంటున్నారు. శత్రువు చేతికి చిక్కకుండా కాపాడారు, నిజమే. ఐదేళ్ళు అలా కాపాడుతూనే ఉన్నారు.

2020 ఆగస్టు 4న బీరుట్ పేలింది. ఆ వారంలోనే మనలి కంటైనర్ల సంగతి పేపర్లకెక్కింది. వేలంలో కొన్నవాళ్ళ దగ్గరికి కంటైనర్లు లారీల మీద హైదరాబాద్ దారి పట్టాయి. ఐదేళ్ళు కదలనిది కొన్ని రోజుల్లో కదిలింది. కదలడానికి రెండొందల మందికి పైగా, అదీ వేరే దేశంలో చచ్చిపోవాల్సి వచ్చింది. 2021లో నియమాలు సవరించారు. పట్టుకున్న సరుకుని త్వరగా వేలం వేయాలని, రేవులో దిగింది రేవు ప్రాంతానికి 500 మీటర్లు దాటి ఉన్న గోదాములకి తరలించాలని, నిల్వ చోట మంటలార్పే ఏర్పాట్లుండాలని. ఇవన్నీ ఓపావ్ నుంచీ తెలిసిన విషయాలే. వాటిలో ఒక్కదానికి కూడా టెర్రరిస్టుతో సంబంధం లేదు. అందుకే అంత ఆలస్యమయ్యాయని నా అనుమానం.

దిగుమతయ్యే నైట్రేట్‌లో ఎక్కువ భాగం దిగుతూ వచ్చింది విశాఖలో. బీరుట్ తర్వాత విశాఖ వాళ్ళు భయపడ్డారంటే ఆశ్చర్యం లేదు. అప్పటికి మూడు నెలల ముందే, మే 7 తెల్లవారుజామున, ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి ఇళ్ళలోకి వచ్చి పన్నెండు మందిని చంపింది. లాక్‌డౌన్‌లో ఫ్యాక్టరీ మూసి ఉంది. ట్యాంకులో ద్రవం ఊరికే నిలవ ఉంది. ఊరికే నిలవ ఉండడమే దాని సమస్య, దాన్ని చల్లగా ఉంచాలి. సైరన్ మోగలేదు. జనం నిద్రలో లేచి ఎటు పరిగెత్తాలో తెలియక రోడ్ల మీద పడిపోయారు. అక్కడా మనం మొదట అడిగింది ఎవర్ని అరెస్టు చేశారనే. ఆ ట్యాంకు పక్కన ఉంటున్నవాళ్ళకి, ఇందులో ఫలానాది ఉంది, ఇలాంటి వాసన వస్తే గాలికి అడ్డంగా ఇటు పరిగెత్తండి అని ఎవరైనా ఎప్పుడైనా చెప్పారా అని చాలా తక్కువ మంది అడిగారు.

*

ఇక్కడ ఇద్దరు నన్ను ఆపుతారు. ఒకరు, "అయితే నిషేధించండి" అంటారు. గనులు, రోడ్లు, సొరంగాలు అన్నీ ఆపేస్తామా? అక్కర్లేదు కూడా. సున్నపురాయి పొడి తగినంత కలిపితే దీని ప్రమాదం బాగా తగ్గుతుందని ఎప్పుడో తెలుసుకున్నారు, ఎరువుగా అలా వాడే దేశాలున్నాయి. మిగతావి ఇంకా మామూలు జాగ్రత్తలు. చిన్న కుప్పలుగా పెట్టడం, మధ్యలో ఖాళీ వదలడం, చెక్కా నూనే చెత్తా దరిదాపుల్లో లేకుండా చూడడం, గాలాడేలా చూడడం, నీళ్ళు సిద్ధంగా ఉంచడం, పక్కన ఇళ్ళు కట్టనివ్వకపోవడం. నిషేధం ఉత్సాహంగా వినిపిస్తుంది, ఎందుకంటే అందులో ఒక శత్రువుని ఓడించిన భావన ఉంది. గోడౌను ఊడవడంలో ఆ భావన లేదు.

రెండోవారు, "ఇదంతా ఇంజనీర్ల గోల, సాహిత్యానికి ఏం పని" అంటారు. చాలా పని ఉంది. ఒక సంఘటన జరిగినప్పుడు ఏ ప్రశ్న వెయ్యాలో జనం నేర్చుకునేది కథల్లోంచే. మనం రాసే, చూసే, చెప్పుకునే కథల్లో పేలుడుకి ముందు ఎప్పుడూ ఒక చెయ్యి కనిపిస్తుంది. వైరు కలుపుతున్న చెయ్యి, టైమరు పెడుతున్న చెయ్యి. ఆ చెయ్యి కనిపించకపోతే "ప్రమాదవశాత్తు" అని రాసి పక్కన పెట్టేస్తాం. విధి అంటాం, తలరాత అంటాం. కుట్రకీ తలరాతకీ మధ్య మన దగ్గర ఇంకో గది లేదు. ఆ గదిలోనే బీరుట్ ఉంది. అక్కడి రేవు అధికారులు న్యాయమూర్తులకి మళ్ళీ మళ్ళీ ఉత్తరాలు రాశారు. 2013లో మొజాంబిక్ వెళ్ళాల్సిన ఒక పాత ఓడ బీరుట్‌లో ఆగిపోయింది. అందులోంచి దించిన 2,750 టన్నులు 12వ నంబర్ గోడౌన్లో ఆరేళ్ళు ఉంది. చాలా మందికి తెలుసు. తెలిసిన వాళ్ళు ఇంకొకళ్ళకి చెప్పి, తమ పని అయిపోయిందనుకున్నారు. విచారణ న్యాయమూర్తిని మార్చారు, విచారణ ఏళ్ళ తరబడి ఆపారు. ఇది కుట్ర కాదు, తలరాత అంతకన్నా కాదు. దీనికి మన భాషలో సరైన మాట కూడా లేదు. వెతుక్కోవాల్సింది మనమే కదా.

"ఎవరు చేశారు" అన్న ప్రశ్న తప్పని నేను అనను. దాన్ని మొదట అడగొద్దంటాను. మొదట అడగాల్సింది: ఎవరికి చెప్పలేదు? టెక్సస్ సిటీలో కెప్టెన్‌కి చెప్పలేదు. తులూజ్‌లో చెత్త ఎత్తినవాళ్ళకి చెప్పలేదు. ఈ ప్రశ్న అడిగితే దొరికే జవాబుతో మర్నాడే ఏదో ఒకటి చేయొచ్చు. ఊళ్ళో ఫైర్ స్టేషన్ దగ్గర ఏ గోడౌన్లో ఏముందో జాబితా ఉందా అని అడగొచ్చు. నారింజ, ఎరుపు కలిసిన పొగ కనిపిస్తే కిటికీ దగ్గర నిలబడి ఫోన్ తీయొద్దని ఇంట్లోవాళ్ళకి చెప్పొచ్చు. బీరుట్‌లో చాలామంది చూస్తూ నిలబడ్డారు, అద్దాలు ముఖాల మీదకి వచ్చాయి. టెక్సస్ సిటీలో ఒడ్డున నిలబడ్డ జనానికీ వీళ్ళకీ మధ్య డెబ్భై మూడేళ్ళు. ఆ రంగు పొగకి అర్థమేంటో వాళ్ళకీ తెలీదు, వీళ్ళకీ తెలీదు.

ఈ వ్యాసం కోసం నా కథ మళ్ళీ తీసి చదివాను. వర్క్‌షాప్‌లో ఎవరూ పట్టుకోని తప్పు ఒకటి దొరికింది. చివర్లో గోడౌను అంటుకుంటుంది, కథ ఆగిపోతుంది. మంట ఆర్పడానికి ఎవరూ రారు. బీరుట్‌లో వచ్చారు. తొమ్మిది మంది ఫైర్ సిబ్బంది, ఒక పారామెడిక్ అమ్మాయి. గోడౌన్లో మంట అన్నారు గానీ లోపల ఏముందో వాళ్ళకి చెప్పలేదు. వెళ్ళి తాళం తీయడానికి ప్రయత్నించారు. పది మందీ పోయారు. నేను గుమాస్తా ఉత్తరాల గురించి ఐదు పేజీలు రాసి, తలుపు దగ్గర నిలబడ్డవాళ్ళ గురించి ఒక్క వాక్యం రాయలేదు. వాళ్ళకి చెప్పనివాళ్ళ జాబితాలో నేనూ ఉన్నట్టే.

కథ తిరగరాస్తున్నాను. విలన్ ఇప్పటికీ లేడు. ఫైరింజను మాత్రం వస్తుంది. దిగినవాళ్ళలో ఒకడు గుమాస్తాని అడుగుతాడు, లోపల ఏముంది బాబాయ్ అని.